మిరప కోతకెళ్లిన పున్నమ్మ

కనిగిరి,
8-12-1986

ప్రియమైన పెద్దమ్మకు,

వందనాలు. ఇక్కడ నాకు కిటికీలోంచి కొండ మీద పాత కోట కనపడే గది ఒకటి అద్దెకు దొరికింది. ఇంటివాళ్లు మంచివాళ్లు. కూరలో నూనె తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. డాక్టరు చదివినదానివి ఆసుపత్రిలో కూర్చోక ఊళ్లు పట్టుకుని ఎందుకు తిరుగుతున్నావని రోజూ అడుగుతారు. నువ్వూ అదే అడిగావు గనక ఇద్దరికీ కలిపి ఒకే జవాబు రాస్తున్నాను.

ఇక్కడి నేలలో ఫ్లోరైడు ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఆ బోరింగు నీళ్లే తాగినవాళ్లకు వయసు వచ్చేసరికి వెన్ను బిగుసుకుపోతుంది, మోకాళ్లు చాపుకోలేరు, మెడ తిప్పలేరు. కలిగినవాళ్లు దూరం నుంచి బండి మీద మంచినీళ్లు తెప్పించుకుంటారు. లేనివాళ్లు వాకిట్లో నీళ్లే తాగుతారు. నడుములు వంగేది వాళ్లవే. దీనికి మందు లేదు. బతికినన్నాళ్లూ ఎవరో ఒకరు లేపి కూర్చోబెట్టాలి, కడగాలి, తినిపించాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నదే నా పరిశోధన. రోగుల లెక్క ప్రభుత్వం దగ్గర ఉంది. వాళ్లను ఎత్తే చేతుల లెక్క ఎవరి దగ్గరా లేదు.

నిన్న ఒక పల్లెలో పున్నమ్మ అనే ఆమెను కలిశాను. ముప్పై ఏళ్లుంటాయి. భర్త పోయాడు, పిల్లల్లేరు. అత్త ఓబులమ్మ మంచం మీద కొడవలిలా వంగిపోయి ఉంది. పుట్టింటివాళ్లు వచ్చి మళ్లీ పెళ్లి చేస్తామన్నారట. "నేను పోతే ఈమెను పక్కకు తిప్పేదెవరమ్మా?" అంది నాతో, అదేదో నేను తేల్చి చెప్పాల్సిన ప్రశ్న అయినట్టు. ఏటా మిరప కోతలకు మాత్రం గుంటూరు వైపు పల్లపు ఊళ్లకు వెళుతుంది. అప్పుడు పక్కింటి ఖుర్షిదా చూసుకుంటుంది. బొంతలు కుట్టుకుని బతికే మనిషి. ఈసారి వీళ్ల జట్టు వస్తున్నది మన ప్రత్తిపాడుకే. నీ గురించి చెప్పాను.

ఇలాంటివాళ్లను చూస్తుంటే నువ్వే గుర్తొస్తున్నావు పెద్దమ్మా. ఈ చాకిరీలోనే బతుకంతా తెల్లారిపోతుంది, ఎవరూ గుర్తించరు.

పెదనాన్నను అడిగానని చెప్పు.

నీ
రెబ్కా


ప్రత్తిపాడు,
16-12-1986

చిరంజీవి రెబ్కాకు పెద్దమ్మ దీవెనలు.

ఉత్తరం అందింది. చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. మీ పెదనాన్న చూసి, "ఏ...మైందే" అన్నారు. ఏమీ లేదన్నాను. ఆయనకు పక్షవాతం వచ్చింది ఎడమ చేతికీ కాలికీ గానీ చెవులకు కాదు, నేను అబద్ధం చెబితే గొంతులోనే పట్టేస్తారు. చివరికి ఉత్తరం చదివి వినిపించాల్సి వచ్చింది.

నా బతుకు తెల్లారిపోయిందని ఎవరు చెప్పారమ్మా నీకు? పొద్దున్నే లేచి ఆయనకు గడ్డం గీస్తాను. గీస్తున్నంతసేపూ బడిలో నేను చెప్పబోయే పాఠం మీద ఆయన పేచీ పెడతారు. పెళ్లయిన కొత్తలో ఈ హెడ్మాస్టరుకు నాతో మాట్లాడే తీరికే ఉండేది కాదు. తల్లి పోయిన నిన్ను పెంచిందీ ఈ చేతులతోనే. అదీ చాకిరీయేనా? నీ పరిశోధనలో నన్ను ఏ గడిలోనూ వేయకు.

క్రిస్మస్ పాటలు నేర్పుతున్నాం. హార్మోనియం ఎలుకలు కొట్టేశాయి. నువ్వు రాకపోతే మానె, ఉత్తరమైనా మంచిది రాయి. పున్నమ్మ వస్తే చూస్తాలే.

పెద్దమ్మ
ఎలీసమ్మ


కనిగిరి,
22-12-1986

ప్రియమైన పెద్దమ్మకు,

తప్పయింది. నేను చెప్పాలనుకున్నది ఒకటి, కలం రాసింది ఇంకొకటి. నువ్వు చేసే పని తక్కువదని కాదు, దాన్ని పని అని ఎవరూ అనరే అని నా బాధ. గడ్డం గీస్తూ పేచీ పడే సంగతి మాత్రం నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. దానికి గడి నిజంగానే లేదు.

పున్నమ్మ జట్టు సంక్రాంతి దాటాక బయలుదేరుతుందట. చేల గట్ల మీదే గుడిసెలు వేసుకుంటారు. అక్కడ వాళ్లు ఏ నీళ్లు తాగుతారో వీలైతే చూడు. డాక్టరుగా అడుగుతున్నాను, నీ పిల్లగానూ అడుగుతున్నాను. కోపం పోయిందని ఒక్క ముక్క రాయి. పండుగకు రాలేను, ఇంకా సగం పల్లెలు మిగిలి ఉన్నాయి. నా వంతు పాట పెదనాన్నను పాడమను.

రెబ్కా


ప్రత్తిపాడు,
2-2-1987

రెబ్కా తల్లీ,

అందరం క్షేమం అని మొదలుపెట్టడానికి లేదు. ఊళ్లో కాదు, చేల మీద. కోతకు వచ్చిన జట్టులో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. విరేచనం బియ్యం కడిగిన నీళ్లలా పోతోంది. మొదట ఒక ముసలాయన, తర్వాత ఒక బాలింత. నిన్నటికి గుడిసె గుడిసెలో మనిషి పడ్డాడు. నాకు చెప్పింది మీ పున్నమ్మే. పరిగెత్తుకుంటూ బడికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "పంతులమ్మా, రెబ్కమ్మ మీ పేరు చెప్పింది. మావోళ్లు పోయేట్టుండారు, ఏదన్నా దోవ చూపించు" అంది.

పిల్లలను ఇళ్లకు పంపేసి బడి తెరిచి పెట్టాను. బల్లలు బయట పడేసి చాపలు పరిచాం. మిషను పెద్దల అనుమతి తర్వాత అడుగుతాను, కాదంటే అప్పుడు చూసుకుందాం. ఊరి డాక్టరు ఒకసారి వచ్చి సెలైన్ పెట్టి వెళ్లాడు. సీసాలు అయిపోయాయి. ఎప్పుడో నువ్వు చెప్పిన ఉప్పు, పంచదార నీళ్లే కాచి చల్లార్చి తాగిస్తున్నాం. పున్నమ్మ నా పక్కనే ఉంది. ఆ పిల్లకు అసహ్యమన్నది లేదు. ఎత్తడం, తుడవడం, పక్కకు తిప్పడం ఎంత ఒడుపుగా చేస్తుందో! పడుకున్న మనిషికి తెలియకుండా కింద గుడ్డ మార్చేస్తుంది.

మీ పెదనాన్న ఇంట్లో ఉండనన్నారు. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా మోసుకొచ్చి వరండాలో కూర్చోబెట్టారు. కుడి చేత్తో ఉప్పూ పంచదారా కలుపుతున్నారు. ఒక్కొక్కరికీ గ్లాసు ఇచ్చి, పాఠం అప్పజెప్పించుకున్నట్టు చివరి గుక్క దాకా తాగిస్తున్నారు.

ఇప్పుడు నా భయం రోగం కాదు. చేను వెంకయ్య గారిది. ఆయన సాయంత్రం కబురు చేశాడు. "కలరా అని పేరు పడితే ఈ సీజన్లో ఇంకెవడూ కోతకు రాడు. పడ్డవాళ్లను లారీ ఎక్కించి వాళ్ల ఊరు పంపించేస్తా, వాళ్లవాళ్లు చూసుకుంటారు" అన్నాడట. ఆ దారి ఎంత పొడుగో నీకు తెలుసు. వెంటనే ఏం చేయాలో రాయి.

పెద్దమ్మ


కనిగిరి,
6-2-1987

పెద్దమ్మా,

ఇప్పుడే అందింది. నిలబడే రాస్తున్నాను. లారీ ఎక్కించనివ్వకు. ఒంట్లో నీరంతా పోయిన మనిషి ఆ కుదుపుల్లో బతకడు. బతికి ఇల్లు చేరినా ఇక్కడ ఇంకో ఊరికి అంటుతుంది. మా ప్రొఫెసరు గారి చేత గుంటూరు ఆరోగ్యశాఖకు ఫోను చేయించాను. సెలైనూ, బ్లీచింగ్ పౌడరూ వస్తాయి. అవి వచ్చేదాకా మీరు చేస్తున్నదే వైద్యం. వాంతి చేసుకున్నా ఆపకుండా కొద్దికొద్దిగా తాగించండి. అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఒక్క సంగతి కనుక్కో. పడ్డవాళ్లు ఏ నీళ్లు తాగారు? ఊళ్లో ఇళ్లవాళ్లు ఒక్కరైనా పడ్డారా? ఊరికి రాకుండా చేల మీదే వచ్చిందంటే, అది గాలిలో వచ్చింది కాదు.

పెదనాన్నను అక్కడికి ఎందుకు తెచ్చావు? ఆయనే రోగి. ఆయనకు సోకితే తట్టుకోలేరు. ముందు ఇంటికి పంపించు. నీ ధైర్యానికి దణ్ణం పెడుతున్నాను గానీ ఈ ఒక్క పనికి కోపంగా ఉంది.

రెబ్కా


ప్రత్తిపాడు,
12-2-1987

రెబ్కా,

ఊపిరి పీల్చుకున్నాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. నాలుగు రోజులుగా కొత్తగా ఎవరూ పడలేదు. మొదట పడ్డ ముసలాయన దక్కలేదు. మిగతావాళ్లంతా లేచి కూర్చున్నారు.

నీ ఉత్తరం రాకముందే లారీ వచ్చింది. వెంకయ్య గారు కూడా వచ్చాడు. చిన్నప్పుడు ఆయన మీ పెదనాన్న దగ్గరే చదువుకున్నాడు గదా, వరండాలో మాస్టారిని చూసి చెప్పులు విప్పాడు. "పంతులమ్మ గారూ, మీకెందుకండీ ఈ రొచ్చు?" అంటున్నాడు నాతో. మీ పెదనాన్న, "వెం...కయ్యా, కూ...చో" అన్నారు. కూర్చున్నాడు. గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా చాప మీదున్న పిచ్చయ్య అనే అతన్ని చూపించి, "పట్టు" అన్నారు. వెంకయ్య గారు ఇటు చూశాడు, అటు చూశాడు. మాస్టారి మాట కాదనలేక వంగి ఆ గ్లాసు పిచ్చయ్య నోటికి పట్టుకున్నాడు. పిచ్చయ్య కళ్లు తెరిచి ఆసామిని గుర్తుపట్టి లేవబోయాడు. "పడుకోరా, పడుకో" అన్నాడు వెంకయ్య గారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పట్టుకుని, లేచి వెళ్లి లారీ డ్రైవరుతో ఏదో చెప్పాడు. గంట తిరగకుండా అదే లారీ మంచినీళ్ల చెరువు నుంచి పీపాలతో నీళ్లు తెచ్చింది.

నువ్వు అడిగిన సంగతి. పున్నమ్మా నేనూ గుడిసె గుడిసెకూ తిరిగి అడిగాం. వాళ్లంతా తాగింది చేలల్లోంచి వచ్చే మురుగు కాలువ నీళ్లు. మంచినీళ్ల చెరువులో బయటి ఊళ్ల కూలీలు కడవలు ముంచకూడదని కావలి వాడు తరిమేశాడట. ఊళ్లో ఇళ్లవాళ్లు ఒక్కరూ పడలేదు. చెరువు అంత దగ్గర, చావు ఇంత దగ్గర. ఇన్నేళ్లుగా ఆ గట్టు మీదుగా నడుస్తున్నదాన్ని, ఈ ప్రశ్న నాకు తోచలేదు. ఎక్కడో కూర్చుని నీకు తోచింది. నీ చదువు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది తల్లీ. ఊళ్లు పట్టుకుని తిరుగు. బాగా తిరుగు.

పెదనాన్నను రోగి అన్నావు. ఆ మాట ఆయనకు చదివి వినిపించలేదు. ఆ వరండాలో ఆయన రోగి కారు.

జట్టులో కోలుకున్నవాళ్లు ఇంటికి పోతామంటే నిన్న వెంకయ్య గారి లారీలోనే పంపించాం. పున్నమ్మ కూడా వెళ్లింది. ఇంకొన్నాళ్లు ఉండమన్నాను. "మా అత్త ఎదురుచూస్తా ఉంటది" అంది. ఓబులమ్మకని నేను కొరివికారం పచ్చడి జాడీ ఇచ్చాను. ఈపాటికి చేరి ఉంటుంది. వెళ్లి చూడు, పచ్చడి ఎలా ఉందో అడిగి రాయి. బంగారంలాంటి మనిషిని పంపించావు.

నీ పెద్దమ్మ


కనిగిరి,
13-2-1987

పెద్దమ్మా,

పున్నమ్మ పోయింది. లారీలోనే, పొదిలి దగ్గర. మిగతావాళ్లు దేహాన్ని ఊరికి తెచ్చి నిన్న సాయంత్రం పూడ్చిపెట్టారు. ఎక్కేటప్పటికే విరేచనాలు మొదలయ్యాయట. అద్దంకి దాటాక నిలబడలేకపోయిందట. దారిలో తాగడానికి ఎవరి దగ్గరా నీళ్లు లేవు.

లారీ ఎక్కించవద్దని అంతగా రాశానే. నువ్వే ఎలా ఎక్కించావు? ఆమె కళ్లు చూడలేదా, చేయి పట్టుకుని చూడలేదా? ఇంతమందిని నిలబెట్టినదానివి.

ఇంతకంటే రాయలేను.

రెబ్కా


ప్రత్తిపాడు,
21-2-1987

రెబ్కాకు,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి ఉంటాయి. నాది పచ్చడి గురించి.

చేయి పట్టుకుని చూడలేదా అన్నావు. పట్టుకున్నాను. లారీ ఎక్కేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. అప్పటిదాకా చాపలు కడిగింది, అందుకే అనుకున్నాను. ఆ లారీలో పోకుండా ఇక్కడే ఆగిన పిచ్చయ్య తర్వాత చెప్పాడు. ఆ పొద్దున రెండుసార్లు గట్టు చాటుకు వెళ్లిందట, "పంతులమ్మకు చెప్పబాకండి, తెలిస్తే నన్ను పోనీదు" అందట. తను ఆలస్యమైతే అక్కడ అత్తకు కష్టమని భయం.

మీ పెదనాన్న రెండు రోజులు గడ్డం గీయించుకోలేదు. ఆదివారం గుడిలో ఆమె పేరు చెప్పి ప్రార్థన చేయించాను. వెంకయ్య గారు గుడి గుమ్మం దాకా వచ్చి బయటే నిలబడ్డాడు.

నువ్వు నన్ను అడగాల్సిందే అడిగావు.

పెద్దమ్మ


కనిగిరి,
10-4-1987

ప్రియమైన పెద్దమ్మకు,

ఇన్నాళ్లు రాయనందుకు కాదు, అప్పుడు రాసినందుకు మన్నించు. ఆ రోజు నాకు ఎవరో ఒకరిని అడగాలనిపించింది. నువ్వు దొరికావు. ఆమె దాచిపెడితే నేనైనా కనిపెట్టగలిగేదాన్నని ఇప్పుడు అనలేను.

ఒక సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను. పున్నమ్మ చావు గుంటూరు జిల్లా లెక్కలో లేదు, రోగం అక్కడ తగ్గిపోయాక బయలుదేరింది కాబట్టి. ప్రకాశం జిల్లా లెక్కలోనూ లేదు, ఇక్కడ ఆ రోగమే రాలేదు కాబట్టి. రెండు కార్యాలయాలకూ వెళ్లాను. ఇద్దరూ మర్యాదగానే కూర్చోబెట్టారు, ఎవరికి వారు అవతలివారిని అడగమన్నారు. నా పరిశోధనలో ఇప్పుడు ఇది ఒక అధ్యాయం. కూలికి ఊరు మారే మనిషి రోగానికి ఏ ఊరూ బాధ్యత తీసుకోదని రాస్తున్నాను. ప్రొఫెసరు గారు మొదట వద్దన్నారు. చదివాక ఉంచమన్నారు.

అంతకంటే పెద్ద సంగతి ఓబులమ్మది. ఆమెకు ఇంతవరకు చెప్పలేదు. తెలిస్తే తిండి మానేసి పోతుందని ఖుర్షిదా భయం. కోతకెళ్లిన జట్టు ఇంకా తిరిగి రాలేదని చెప్పింది, ఊళ్లో అందరిచేతా ఒట్టు వేయించింది. దాంతో తిరిగొచ్చినవాళ్లు ఎవరూ ఆ ఇంటి వైపు పోవడం లేదు, నోరు జారుతుందేమోనని. ఖుర్షిదా మాత్రం పొద్దునా సాయంత్రం వచ్చి కడిగి, తినిపించి, తన బొంతల పని ఆ మంచం పక్కనే కూర్చుని చేసుకుంటోంది. మీకేమవుతుందని అడిగితే, "ఏమవ్వాలమ్మా? గోడకు ఇవతల నేను, అవతల ఆమె" అంది. ఇంత మంచి మనిషిని నేను చూడలేదు. కానీ ఓబులమ్మ ఏమనుకుంటోందో తెలుసా? కోడలు పల్లంలో ఎవడినో కట్టుకుని తనను వదిలేసిందని. పొద్దున్నుంచీ పున్నమ్మను తిట్టని తిట్టు లేదు. నిన్న నా ముందే శాపనార్థాలు పెట్టింది. ఖుర్షిదా గోడ వైపు తిరిగి ఏడ్చింది. చెప్పాలా, వద్దా? డాక్టరుగా నాకు తెలియడం లేదు.

రెబ్కా


ప్రత్తిపాడు,
16-4-1987

రెబ్కా,

చచ్చిపోయిన పిల్లకు ఆ తిట్లేమిటి? ఇరవై నాలుగు నుంచి బడికి వేసవి సెలవులు. నేను వస్తున్నాను. నువ్వు వచ్చి మీ పెదనాన్నను చూసుకో. గడ్డం గీయడం వచ్చా? రాకపోతే ఆయనే నేర్పుతారు.

పెద్దమ్మ


ప్రత్తిపాడు,
29-4-1987

పెద్దమ్మా,

నువ్వు క్షేమంగా చేరావని తలుస్తాను. ఇది ఖుర్షిదా ఇంటి అడ్రసుకే రాస్తున్నాను.

మొదటి రోజు పెదనాన్నకు గడ్డం కోశాను. అద్దం అడిగి చూసుకుని, "డా...క్టరు" అన్నారు. ఆ నవ్వు నువ్వు చూడాల్సింది. రెండో రోజు ఆయనను మంచం మీంచి లేపబోయి నేనే ఆయన మీద పడ్డాను. ఎక్కడ చేయి వేయాలో, ఎప్పుడు ఊపిరి బిగబట్టాలో ఆయనే చెబుతున్నారు. ఎన్ని ఇళ్లలో అడిగి రాసుకున్నానో గానీ, ఎత్తించుకునే మనిషి కూడా సగం బరువు మోస్తాడని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తిరిగి వెళ్లాక ఆ ఇళ్లన్నిటికీ మళ్లీ పోవాలి. ఈసారి మంచం మీద ఉన్నవాళ్లను అడగాలి.

వెంకయ్య గారు చేల గట్టు మీద సిమెంటు తొట్టి కట్టిస్తున్నారు. వచ్చే కోతలకు చెరువు నీళ్లు అక్కడే నింపుతారట. కావలి వాడిని నిలబెట్టి పెదనాన్న ఎదురుగానే చెప్పారు, "ఎవరు ముంచుకున్నా నువ్వు నోరెత్తమాక" అని. పక్క చేలవాళ్లను కూడా అడుగుతున్నారట, ఒప్పుకున్నది మాత్రం ఇంకా ఎవరూ లేరు.

అక్కడ ఏమైందో వెంటనే రాయి. పెదనాన్న పోస్టు కోసం వరండాలోనే కూర్చుంటున్నారు.

నీ రెబ్కా


ఖుర్షిదా ఇంటి నుంచి,
3-5-1987

రెబ్కా తల్లికి, మీ పెదనాన్నకు,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. గట్టిగా చదివి వినిపించు.

వచ్చిన రోజు చెప్పలేకపోయాను. ప్రయాణం బడలిక అని నాకు నేనే చెప్పుకున్నాను. మర్నాడూ చెప్పలేదు. ఖుర్షిదాతో కలిసి ఓబులమ్మకు తలంటాను. బతిమాలుకున్నాను ఖుర్షిదాను, చెప్పనివ్వమని. "మీరు చెప్పి మీ ఊరు పోతారు టీచరమ్మా, తర్వాత ఆమె ముద్ద మింగకపోతే చూడాల్సింది నేను" అంది. అది నిజం. ఈ పొద్దున ఆమే వచ్చి, "ఇయ్యాల మళ్లీ తిట్లు మొదలెట్టింది. ఇంక నావల్ల కాదు, చెప్పండి" అంది.

ఓబులమ్మకు మెడ తిరగదు గదా, నేనే వెళ్లి ఆమె కళ్లకు ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ప్రత్తిపాడు పంతులమ్మనని, ఆమె కోడలి సంగతి చెప్పడానికి వచ్చానని అన్నాను.

"ఎవుణ్ణి కట్టుకుందంట?" అంది.

"ఎవరినీ కట్టుకోలేదమ్మా. నీ దగ్గరికే వస్తూ దారిలో చచ్చిపోయింది."

కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా చేయి అక్కడిదాకా రాదు ఆమెకు. ఖుర్షిదా కొంగుతో తుడవబోతే, "ఉండనీ" అంది. తర్వాత అడిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఏం జబ్బు అని. అన్నీ చెప్పాను. బడి, చాపలు, వాళ్లందరినీ పున్నమ్మ ఎలా చూసుకుందో చెప్పాను. జబ్బు దాచి లారీ ఎక్కింది అత్త ఎదురుచూస్తుందనే అని కూడా చెప్పాను. ఖుర్షిదా, "నేనే దాచానమ్మా, నీకేమన్నా అవుద్దని" అని కాళ్ల దగ్గర కూలబడింది.

"మీరు దాచినన్నాళ్లూ నేను దాన్ని తిడతానే ఉంటిని గదే" అంది ఓబులమ్మ. ఆ గొంతు నేను మర్చిపోలేను. కాసేపటికి నన్నే చూస్తూ, "నువ్వు సదువుకున్నదానివి, ముసల్దాని మనసు కుదుటపడాలని చక్కగా చెప్తావు. చూసినోళ్లెవురన్నా ఉండారా?" అంది.

ఖుర్షిదా లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తింది.

ముందు పిచ్చయ్య వచ్చాడు. గుమ్మంలో నిలబడి తల ఎత్తడు. లోపలికి రమ్మంటే వచ్చి మంచం కోడు పట్టుకుని, "పెద్దమ్మా, నా మలం గుడ్డలు నీ కోడలు ఉతికింది. మా ఇంటిది కూడా భయపడి దగ్గరికి రాలా. ఆ పిల్ల ఉతికింది. నువ్వు సిగ్గుపడితే నీళ్లు తాగవు, తాగకపోతే చస్తావు, సిగ్గుపడబాక అన్నా, అని నాతో అంది" అని చెప్పి ఏడ్చాడు. మగవాడు అట్లా ఏడవడం నేను చూడలేదు. తర్వాత ఆ బాలింత వచ్చింది, బిడ్డను ఎత్తుకుని. తనకు స్పృహ లేనప్పుడు పున్నమ్మ ఆ బిడ్డను వీపున కట్టుకుని మిగతావాళ్లకు చేసిందట. అది నేనూ మర్చిపోయాను. బిడ్డను ఓబులమ్మ కళ్లకు ఎదురుగా పట్టుకుంది. ముసలామె వేళ్లు కొంచెం కదులుతాయి, బిడ్డ పాదం వాటికి తగిలేలా పెట్టింది.

తర్వాత జట్టులో ఇంకొకామె వచ్చింది. పున్నమ్మ తనకు పక్క మీద జడ వేసిందని చెప్పింది, పాట కూడా పాడిందట. "అదా? పాటా?" అంది ఓబులమ్మ. ఇంట్లో ఎప్పుడూ పాడలేదట. ఆ పాట ఏదో చెప్పమని ఆమె చేత రెండుసార్లు పాడించుకుంది.

కబురు ఊరంతా పాకింది. ఇన్నాళ్లు ఈ వాకిలి తప్పించుకు తిరిగినవాళ్లంతా ఒక్కొక్కరే వస్తున్నారు. ఒకామె వచ్చేటప్పుడే కడవతో నీళ్లు తెచ్చి పెట్టి, రేపటి నుంచి నేనే పోస్తానంది. అది నీ వంతు కాదు, నా వంతు అని ఇంకొకామె. ఖుర్షిదా వాళ్లిద్దరి మధ్యా నిలబడి తగువు తీరుస్తోంది. మధ్యాహ్నం ఓబులమ్మకు అన్నం తినిపించింది. ఇన్నాళ్లూ అంత భయపడిందే, ముసలామె ప్రతి ముద్దా మింగింది. మింగి, ఎదురుగా ఉన్నవాళ్లను, "ఊఁ, చెప్పు" అంటోంది.

ఇప్పుడు సాయంత్రమైంది. గడప దగ్గర కూర్చుని రాస్తున్నాను. లోపలివాళ్లు చెప్పడం అయిపోయి ఊరుకున్నారు. ఓబులమ్మ కళ్లు గుమ్మం వైపే ఉన్నాయి.

"ఇంకెవురుండారు బయట?" అంటోంది. "రమ్మనండి."

మీ
ఎలీసమ్మ